అలియాస్

ఏప్రిల్ పదిహేను నుంచి బోట్లు కదలవు.
ఫిషింగ్ హార్బరులో, ఐసు ఫ్యాక్టరీ గోడ నీడన
ఒక బల్ల, ఒక లాప్‌టాపు, నేను.
వేట నిషేధ భృతికి జాబితా సరిచూడాలి.

"మైలపిల్లి సత్యారావు!"
ఎవరూ పలకలేదు.
"మైలపిల్లి సత్యారావు, తండ్రి లక్ష్మయ్య!"
వలలు కుడుతున్న వేళ్ళు ఆగలేదు.
గట్టు మీంచి ఎవరో అన్నారు:
"లంగరుగాడేమోరా, లేపండి."
తాళ్ళ కుప్ప మీద పడుకున్నవాడు లేచాడు,
తన పేరు విని తనే కాస్త సిగ్గుపడ్డాడు.
కూర్చున్నచోటే కునుకుతాడట, అందుకని లంగరు.

మూడు రోజులు ఇదే పని.
ఆధార్‌లో ఉన్నవాళ్ళు హార్బరులో లేరు,
హార్బరులో ఉన్నవాళ్ళు ఆధార్‌లో లేరు.

ముందు దొరికింది లైట్‌హౌసు.
రొయ్యలు ఒలుస్తూనే తల చుట్టూ తిప్పి
ఏ ఇంటికి ఎవరొచ్చారో చెప్పే సింహాచలం.
ఆమె చూపు పట్టుకుని మిగతావాళ్ళని వెతికాను.
చేతులు ఊపకుండా మాట్లాడలేని సిగ్నలు.
ఒకే ఒక్కసారి, అదీ పదిహేనేళ్ళ కిందట,
ఎవరిదో కళ్ళజోడు పెట్టుకున్న పాపానికి డాక్టరు.
మోక్షిత అని బడిలో రాసిన పిల్లని
పేటంతా కరెంటు అంటుంది.
హుద్‌హుద్ తర్వాత వీధిలో బల్బు వెలిగిన రాత్రి పుట్టింది.
ఆ కేకలు బల్బుకా, బిడ్డకా
వాళ్ళమ్మకి ఇప్పటికీ తెలీదు.

అన్నీ ముద్దుగా ఉండవు.
ఒంటితెడ్డు అని పిలిస్తే ఒకడు రాలేదు.
చిన్నప్పుడు వించిలో కాలు నలిగినవాడు.
కాసేపాగి తనంతట తనే బల్ల దగ్గరికొచ్చి
"గరికిన కనకరాజు" అన్నాడు,
ఒక్కో అక్షరం నోటు లెక్కపెట్టినట్టు.
నేనూ అంత నెమ్మదిగానే టైపు చేశాను.
వెనక నవ్వబోయినవాడు దగ్గాడు.

నాకూ ఒకటి పెట్టారని రెండో రోజు తెలిసింది.
"పెన్నుమూత టీ తాగాడా?" అని ఎవరో అడుగుతుంటే
నోట్లోంచి మూత తీసి జేబులో పెట్టుకున్నాను.
ఆలస్యమైపోయింది.
కంచరపాలెంలో మా ఇంట్లో కూడా
నన్నెవరూ ఇంత జాగ్రత్తగా చూడలేదు.

చివరి రోజు ఎండ దిగాక
పింఛను కాగితంతో పావలా భార్య వచ్చింది.
పావలా పోయి ఏడాది.
ఆ పేరెలా వచ్చిందో ముగ్గురు మూడు చెప్పారు.
పూర్ణా మార్కెట్లో పావలా తగ్గించమన్నారని
చేపల బుట్ట మొత్తం వెనక్కి మోసుకొచ్చాడట.
కాదు, పుట్టినప్పుడు అంతే ఉన్నాడట.
అదీ కాదు, పావలా మింగాడట,
అదింకా బయటికి రాలేదట.
ఏదైతేనేం,
పావలాలు చెల్లడం మానేశాక కూడా
ఆయన ఈ గట్టు మీద చెల్లాడు.

"ఆయన పేరు చెప్పమ్మా."
"పావలా."
"అసలు పేరు."
చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.
"మొగుడి పేరు అనకూడదు గదా బాబూ.
పావలా అంటే పేరు కాదు గదా, అందుకే
నలబయ్యేళ్ళు నోరారా పిలిసినాను.
వాకిట్లోంచి, గట్టు మీంచి,
కోపమొస్తే వీధి సివర్నించి.
మా తోటికోడలికి ఆ బాగ్గెం నేదు.
'ఇదిగో' అంటాది, 'ఏటండీ' అంటాది,
అంతే, అక్కడితో ఆగిపోద్ది."

లైట్‌హౌసు మొదటిసారి
అటు తిరిగి, తిరగడం మానేసింది.

ఆమె బల్ల మీదికి వంగి చెప్పింది.
ఐసు మరలో సగం కొట్టుకుపోయింది.
ఇంకోసారి అడగడానికి నాకు నోరు రాలేదు.
వినబడినంత టైపు చేసి
చోడిపిల్లి మసేను, అని మెల్లగా చదివాను.
తల ఊపింది. చదువు రాదుగాని
ఆ అక్షరాల వైపు కాసేపు చూసింది.

"పక్కన పావలా అని కూడా ఎయ్యి."
"అలియాస్ అని వేస్తానమ్మా."
"అలియాసంటే... పేపర్లో దొంగలకి రాస్తారు, అదేనా?"
అదే అన్నాను.
కాసేపు ఆలోచించింది.
"ఎయ్యి బాబూ, పర్నేదు.
ఓనరుకి తెలీకుండా
వేటకో వంజరం ఇంటికి తెచ్చీవోడు."